గురజాడ... గిడుగు... ఓ పెన్‌డ్రైవు!

ఉత్తరాంధ్ర యాత్ర అంటే అరసవల్లి, శ్రీకూర్మం, విజయనగరం కోట... అంతేనా? వాడుకభాష కోసం పోరాడిన ఇద్దరు పెద్దల ఊళ్ల మీదుగా మరో దారి ఉంది. ఆ దారిలో లినక్స్ అనే మాట ఎందుకొచ్చిందో తెలియాలంటే మాత్రం విజయనగరంలోనే మొదలుపెట్టాలి.

విజయనగరం వెళ్లినవాళ్లు కోట చూస్తారు. పైడితల్లి అమ్మవారికి దండం పెట్టుకుంటారు. తీరిక ఉంటే సంగీత కళాశాల ముందు కాసేపు ఆగుతారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన కళాశాల మరి! అక్కణ్నుంచి గురజాడ అప్పారావు ఇల్లు ఎంతో దూరం కాదు. 1892లో ‘కన్యాశుల్కం’ తొలిసారి రంగమెక్కింది ఈ ఊళ్లోనే. 1897లో అచ్చయింది. అది చాలదనుకుని గురజాడ దాన్ని పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేయించారు. గిరీశమైనా, మధురవాణి అయినా, రామప్పపంతులైనా అందరూ వీధిలో మాట్లాడినట్టే మాట్లాడతారు. ఈరోజు అదేం వింతగా అనిపించదు. పుస్తకం అంటే గ్రాంథికంలోనే ఉండాలనుకునే రోజుల్లో మాత్రం అది పెద్ద సాహసమే.

ఆ గురజాడ ఇప్పుడు కంప్యూటర్లోనూ ఉన్నారు... ఫాంటు పేరుతో! అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ 2010 తర్వాతి సంవత్సరాల్లో వరసగా తెచ్చిన ఉచిత తెలుగు ఫాంట్లలో ఒకదానిపేరు ‘గురజాడ’. ఇంకోదానిపేరు ‘గిడుగు’. రెండిటినీ రూపొందించింది పురుషోత్ కుమార్ గుత్తుల. ఎవరైనా దించుకోవచ్చు, వాడుకోవచ్చు, నచ్చకపోతే అక్షరాలు మార్చి మరొకరికి ఇచ్చుకోవచ్చు కూడా. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ ‘మార్చి ఇచ్చుకోవచ్చు’ అన్నదే అసలు కీలకం. అక్షరాల విషయంలోనే కాదు, మొత్తం కంప్యూటర్ విషయంలోనూ అదే మాట అంటే... అదే లినక్స్!

పులిహోరా... దద్దోజనమా?

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసి, ఇంటర్నెట్‌లో పెట్టి, అందరూ చూసుకోండి అన్న ప్రోగ్రామే లినక్స్. నిజానికి అది కంప్యూటర్‌కి లోపలి యంత్రం మాత్రమే. దానికి తతిమ్మా సరంజామా అంతా కలిపి ఒక్కొక్కరు ఒక్కో మూటగా కట్టి ఇస్తారు. వాటిని డిస్ట్రిబ్యూషన్లంటారు. వాడేవాళ్లు ముద్దుగా ‘డిస్ట్రో’ అంటారు. బియ్యం ఒకటే... ఒకరింట్లో పులిహోర అవుతుంది, ఇంకొకరింట్లో దద్దోజనం అవుతుంది. అలా అన్నమాట. 1993లో పుట్టిన డెబియన్, 2003 నాటి ఫెడోరా, 2004లో వచ్చిన ఉబుంటు, 2006 నాటి మింట్... చెప్పుకుంటూపోతే వందలున్నాయి. మన సీ-డాక్ 2007లో తెచ్చిన ‘బాస్’ కూడా ఆ కోవలోదే. ఇక 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ అనే తెలుగువాళ్ల సంస్థ అయితే అదే పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ని, బడిపిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’ని తయారుచేసింది.

అక్కడితో అయిపోలేదు. లోపలి యంత్రం ఏదైనా, తెర మీద కనిపించే వాకిలిని ఎవరికి వారు ఎంచుకోవచ్చు. దాన్ని డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. 1996లో మొదలైన కేడీఈ ఒక తీరు. అందులో ప్రతి మూలా మన ఇష్టప్రకారం సర్దుకోవచ్చు. 1997లో మొదలైన గ్నోమ్ మరో తీరు. అన్నీ దాచేసి, తెరని ఖాళీగా, ప్రశాంతంగా ఉంచుతుంది. పాత కంప్యూటర్ల కోసం తేలికపాటి ఎక్స్ఎఫ్‌సీఈ ఉండనే ఉంది. 2011లో గ్నోమ్ తన రూపం మొత్తం మార్చేసినప్పుడు చాలామందికి కోపం వచ్చింది. సాధారణంగా కంపెనీలు ఇలా మార్చేస్తే వాడేవాళ్లు గొణుక్కుని సర్దుకుపోతారు. ఇక్కడ అలా జరగలేదు. అర్జెంటీనాకి చెందిన ఓ వాడకందారు పాత గ్నోమ్ ప్రోగ్రామునే తీసుకుని మళ్లీ నిలబెట్టాడు. దానికి దక్షిణ అమెరికాలో టీలా తాగే ఆకు పేరు పెట్టారు. ఆ పేరు పలకడం అచ్చం మన ‘మాటే’!

తెర మీద గ్రాంథికం

సరే, ఇదంతా గురజాడ ఊరికి ఎలా ముడిపడింది?

లినక్స్ పెట్టుకుని భాషల జాబితాలో ‘తెలుగు’ ఎంచుకుంటే మెనూలు తెలుగులోకి మారతాయి. ఫైలు ‘దస్త్రం’ అవుతుంది. ఫోల్డర్ ‘సంచయం’ అవుతుంది. సెట్టింగులు ‘అమరికలు’గా, ట్రాష్ ‘చెత్తబుట్ట’గా కనిపిస్తాయి. చెత్తబుట్ట బ్రహ్మాండంగా ఉంది. దస్త్రం కూడా తాలూకా ఆఫీసు మెట్లెక్కినవాళ్లకి తెలిసిన మాటే. మరి సంచయం..? ఫోల్డర్ అంటే తెలిసిన పదోతరగతి పిల్లాడు ఈ మాట చూసి, మళ్లీ ఇంగ్లిష్‌కి మార్చేసుకుంటే తప్పు వాడిది కాదు.

1914లో మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు వ్యాసరచన ఎలా ఉండాలో తేల్చడానికి వేసిన ఉపసంఘంలో గురజాడ సభ్యులు. మెజారిటీ గ్రాంథికం వైపు మొగ్గింది. ఆయన ఒప్పుకోలేదు. తన అసమ్మతిని పత్రంగా రాసి ఇచ్చారు. పిల్లలు రాయాల్సింది తాము మాట్లాడని భాషలోనా అన్నదే అప్పటి గొడవ. నూరేళ్లు దాటాక అదే గొడవ మెనూలోకి వచ్చి కూర్చుంది! తేడా ఒక్కటే. అప్పుడు ఉపసంఘం తేల్చాలి. ఇప్పుడు ఎవరైనా మార్చుకోవచ్చు.

అదెలాగంటే... లినక్స్‌లో చాలా ప్రోగ్రాములకి తర్జుమా కోసం ‘పీవో’ అనే మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది. ఓ వరసలో ఇంగ్లిష్ మాట, దాని కిందే కొటేషన్ల మధ్య తెలుగు మాట. తెలుగు రాయని చోట తెర మీద ఇంగ్లిషే వస్తుంది. అందుకే తెలుగు డెస్క్‌టాప్‌లో సగం మెనూ తెలుగులో, సగం ఇంగ్లిష్‌లో ఉన్న వింత దృశ్యాలు కనిపిస్తుంటాయి. వాక్యం నచ్చకపోతే ఆ ఫైలు తెరిచి మార్చి, ఓ చిన్న కమాండ్‌తో కంప్యూటర్‌కి అర్థమయ్యే రూపంలోకి తెచ్చి, ఉండాల్సినచోట పెడితే చాలు. ఇల్లాలు వంటింట్లో డబ్బాల మీద పేర్లు మార్చుకున్నంత తేలిక కాదుగానీ, డిగ్రీ చదివే కుర్రాడికి ఓ ఆదివారం పని.

కావాలంటే శ్రీకాకుళం యాసలోనే పెట్టుకోవచ్చు. క్యాన్సిల్‌కి ‘ఒగ్గీ’. కంప్యూటర్‌ని నిద్రపుచ్చే స్లీప్‌కి ‘తొంగో’. త్వరగా చేయమనడానికి ‘బేగి’. ఎర్రర్ వచ్చినప్పుడు ‘ఏటైనాది?’ అని అడగొచ్చు. సరదాగానే అనుకున్నా, సంచయం కన్నా ఒగ్గీ ఎక్కువమందికి అర్థమవుతుందనడంలో సందేహం లేదు. అలాగని ఆ జిల్లా మాటే రాష్ట్రమంతటికీ పెట్టమంటే గుంటూరువాళ్లు ఊరుకోరు. ఎవరి మూట వారిది అనగలగడమే ఇందులో సుఖం.

తపాలాలో వచ్చిన సీడీలు

విజయనగరం నుంచి చీపురుపల్లి మీదుగా రాజాం వైపు వెళ్తే ఇంజినీరింగ్ కాలేజీల దారి. విజయనగరం దగ్గర ఎంవీజీఆర్, రాజాంలో జీఎంఆర్ఐటీ... రెండూ 1997లో వచ్చినవే. టెక్కలిలో ఐతమ్ 2001లో వచ్చింది. ఎచ్చెర్ల దగ్గర 2016లో ట్రిపుల్ఐటీ మొదలైంది. ఇంజినీరింగ్ సిలబస్‌లో యునిక్స్, లినక్స్ ల్యాబు ఉంటుంది కాబట్టి నల్లటి తెర మీద కమాండ్లు కొట్టడం ఇక్కడి పిల్లలకి కొత్త కాదు. అయితే ల్యాబులో మార్కుల కోసం కొట్టడం వేరు, హాస్టల్ గదిలో సొంత లాప్‌టాప్ మీద రోజుకో డిస్ట్రో ఎక్కించి చూడటం వేరు. ఈ రెండోదాన్ని ‘డిస్ట్రో హాపింగ్’ అంటారు. చీరల కొట్లో అన్నీ విప్పించి చూసి, మొదట చూసినదే కొనుక్కున్నట్టు... చాలామంది చివరికి ఉబుంటు దగ్గరికో, మింట్ దగ్గరికో వచ్చి ఆగుతారు.

ఇప్పుడంటే సెల్‌ఫోన్ డేటాతో గంటలో దిగుతుంది. 2005 ప్రాంతంలో జిల్లా కేంద్రంలో కూడా 700 ఎంబీ దించుకోవడమంటే నెట్ సెంటర్ వాడి ఓపికకి పరీక్షే. అప్పట్లో ఉబుంటువాళ్లు ఓ పని చేశారు. పేరూ అడ్రసూ ఇస్తే ప్రపంచంలో ఎక్కడికైనా పైసా తీసుకోకుండా సీడీలు పోస్టులో పంపేవారు. 2011లో ఆపేసేదాకా అలా ఎన్ని దేశాలు తిరిగాయో ఆ సీడీలు. ఓ కవరు వచ్చిందంటే హాస్టల్ అంతా ఆ ఒక్క సీడీనే తిప్పుకోవచ్చు. కాపీ చేసుకోవడం ఇక్కడ దొంగతనం కాదు మరి.

తెలుగు మాత్రం అప్పట్లో ఏడిపించింది. ఒత్తులు అక్షరం కిందికి రాక పక్కన నిలబడేవి. ‘స్త్రీ’ అని రాస్తే మూడు ముక్కలు. తెలుగు అక్షరాలు 1991లోనే యూనికోడ్‌లో చేరాయి కానీ, వాటిని తెర మీద సరిగ్గా పేర్చే ప్రోగ్రాములు కుదురుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన ‘పోతన’, ‘వేమన’ ఫాంట్లు, రెడ్ హ్యాట్ ఇచ్చిన ‘లోహిత్’ ఆ రోజుల్లో ఆదుకున్నాయి. ఇప్పటికీ డెబియన్‌లో తెలుగు ఫాంట్ల మూట విప్పితే పోతన, వేమన పక్కపక్కనే ఉంటారు. ఒత్తుల కష్టం లినక్స్‌కే పరిమితం కాదులెండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. యాపిల్ సవరణ పంపేదాకా ప్రపంచమంతా మన అక్షరం గురించే మాట్లాడుకుంది!

దారి మళ్లిస్తే పొందూరు. అక్కడి సన్నఖాదీ గురించి తెలియనిదెవరికి! పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకని వాడతారు. పత్తి ఏరడం నుంచి బట్ట నేయడం దాకా ఏ దశలో ఏం జరుగుతోందో ఎదురుగా కూర్చుని చూడొచ్చు. లినక్స్ వాళ్లు ‘సోర్స్ కోడ్’ అని గొప్పగా చెప్పుకునేది ఇదే. నేసే విధానం దాచకపోవడం.

కారా మాస్టారి కథల ఇల్లు

శ్రీకాకుళంలో తప్పక చూడాల్సింది విశాఖ-ఎ కాలనీలోని కథానిలయం. కాళీపట్నం రామారావు... అందరికీ కారా మాస్టారు... 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. ఆ సొమ్ముతో మొదలుపెట్టి, మిత్రుల సాయంతో తెలుగు కథ ఎక్కడ అచ్చయినా తెచ్చి భద్రం చేసే ఇల్లు కట్టారు. 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. మాస్టారు 2021 జూన్‌లో వెళ్లిపోయారు. బీరువాల నిండా కథలున్నాయి. వేల కథల్ని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లోనూ పెట్టారు.

స్కాన్ అంటే ఫొటో. చదవొచ్చు కానీ వెతకలేం. ‘నాగావళి’ అనే మాట ఏయే కథల్లో వచ్చిందో చెప్పమంటే ఫొటో చెప్పలేదు. ఆ ఫొటోని అక్షరాలుగా మార్చే ప్రోగ్రాముల్లో ‘టెసరాక్ట్’ ఒకటి. హెచ్‌పీ కంపెనీ తయారుచేసి, 2005లో అందరికీ ఇచ్చేసింది. లినక్స్‌లో ఓ కమాండ్‌తో వచ్చేస్తుంది, తెలుగు కూడా చదువుతుంది. శుభ్రమైన అచ్చు అయితే బాగానే చదువుతుంది. పాత పత్రికల చౌక కాగితం, పట్టీపట్టని సిరా, అరిగిన టైపు అయితే ఒత్తుల దగ్గర తడబడుతుంది. మనిషి కూర్చుని దిద్దాల్సిందే. దిద్దడానికి కావాల్సింది ఖరీదైన కంప్యూటర్ కాదు... తెలుగొచ్చిన కళ్లు.

ఇంకో చిక్కు కూడా ఉంది. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అనూ ఫాంట్లలో కొట్టిన తెలుగు నిజానికి తెలుగు కాదు. లోపల ఇంగ్లిష్ అక్షరాలే ఉంటాయి, పైకి తెలుగు బొమ్మలు కనిపిస్తాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అంతా పిచ్చిగీతలే. అలా కొట్టిన కథలు, శుభలేఖలు, ఊరి చరిత్రలు ఎన్ని హార్డ్‌డిస్కుల్లో మూలుగుతున్నాయో! వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోకపోతే ఆ ఫాంటుతోపాటే అవీ పోతాయి. శుభలేఖల దుకాణం నడిపేవాళ్లు మాత్రం ఇవాళే విండోస్ తీసేసి లినక్స్‌కి మారిపోవద్దు. అనూ మీద నడిచే పని ఆగిపోతుంది. ముందు పాత ఫైళ్లు మార్చుకోవాలి.

వంశధార ఒడ్డున...

శ్రీకాకుళం నుంచి శ్రీముఖలింగం వెళ్లేవాళ్లు గుడి శిల్పాలు చూసి వెనక్కి వచ్చేస్తారు. ఆ దగ్గర్లోనే వంశధార తీరాన ఉన్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పుట్టారు. తెలుగు భాషా దినోత్సవం ఆ రోజునే జరుపుకొంటాం. విజయనగరంలో గురజాడ, గిడుగు కలిసి చదువుకున్నారన్నది ఈ దారిలో గుర్తుంచుకోవాల్సిన ముచ్చట.

గిడుగు పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పాఠాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. తెలుగు వాడుకభాష కోసం ఆయన చేసిన వాదం పండితుల ముందు పుట్టలేదు, కొండమీద పుట్టిందనిపిస్తుంది. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపేశారు. డెబ్బై దాటిన వయసులో ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు.

విచిత్రం చూడండి... అదే 1936లో ఒడిశా వైపు సవరల్లో మంగేయి గొమాంగో తమ భాషకి సొంత లిపి తయారుచేశారు. పేరు ‘సొరాంగ్ సోంపెంగ్’. ఒక్కో అక్షరానికి ఒక్కో దేవత! ఆ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. గూగుల్ ఉచితంగా ఇచ్చిన నోటో ఫాంట్లలో దానికీ ఓ ఫాంటు ఉంది. డెబియన్‌లో నోటో మూట ఎక్కిస్తే పోతన, వేమనల పక్కన సవర దేవతలూ వచ్చి కూర్చుంటారు.

పాలకొండ దాటి సీతంపేట ఏజెన్సీలోకి వెళ్తే సవర మాట వినిపిస్తుంది. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలోని సీతంపేట 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. మన వైపు సవరని ఎక్కువగా తెలుగు లిపిలోనే రాస్తారు. అంటే ఇక్కడి పిల్లాడికి తన భాషలో కంప్యూటర్ కావాలంటే కొత్త ఫాంటు కూడా అక్కర్లేదు. తెలుగు కీబోర్డు చాలు, పీవో ఫైలులో కొటేషన్ల మధ్య సవర మాటలు రాస్తే చాలు. కొనేవాళ్లు ఎందరని లెక్క వేసుకునే కంపెనీ సవరలో మెనూలు చేస్తుందని ఎదురుచూడటం అయ్యేపని కాదు. రాయగలిగే టీచరు ఒక్కరు పూనుకుంటే లినక్స్‌లో అడ్డుపడేవాళ్లు లేరు. ఫైలు, ఫోల్డర్ లాంటి మాటలకి సవరలో ఏమనాలో మాత్రం ఆ ఊరి అవ్వని అడిగాకే రాయాలి. లేదంటే మరో ‘సంచయం’ తయారవుతుంది.

వెళ్లాలంటే... వాడాలంటే...

విశాఖపట్నం నుంచి విజయనగరం సుమారు 60 కిలోమీటర్లు. రైళ్లూ బస్సులూ కావాల్సినన్ని. శ్రీకాకుళానికి రైల్లో వెళ్లేవాళ్లు ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి. శ్రీముఖలింగం, పర్వతాలపేట ఒక రోజు, పాలకొండ మీదుగా సీతంపేట మరో రోజు పెట్టుకుంటే హడావుడి ఉండదు.

ఇక ఇంట్లో పాత కంప్యూటర్ సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత మిషన్లని పాతసామాన్లవాడికి వేసే ముందు ఓసారి లినక్స్ చూడొచ్చు. డిస్ట్రోని పెన్‌డ్రైవులోకి ఎక్కించి, కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 లాంటి కీ నొక్కి పెన్‌డ్రైవు నుంచి నడిపిస్తే హార్డ్‌డిస్కు జోలికి వెళ్లకుండానే అన్నీ ప్రయత్నించొచ్చు. నచ్చి ఇన్‌స్టాల్ చేసేటట్టయితే పెళ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు ముందు వేరేచోట దాచుకోవాలి. ఇది మర్చిపోయి ఏడ్చినవాళ్లు బోలెడుమంది. మెమరీ 2 జీబీ అయితే ఎక్స్ఎఫ్‌సీఈ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్ మేలు. మరీ పాతవైన 32-బిట్ మిషన్లకి 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఇన్‌స్టాలర్ లేదు. వాటికి డెబియన్ 12 చూసుకోవాలి. కీబోర్డు జాబితాలో తెలుగు పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. వారం రోజులు చిరాకు పెడుతుంది, తర్వాత వేళ్లే పరిగెడతాయి.

పెన్‌డ్రైవు 8 జీబీది చాలు.